తీపి గిట్టని అక్క

ఏడో వరసలో పై అర ఖాళీ చేసి, రేకు మీది దుమ్ము తడిగుడ్డతో తుడిచేసరికి బాబాయికి నడుం పట్టేసింది. ఒక చేత్తో నడుం నొక్కుకుంటూ, రెండో చేత్తో అట్టపెట్టెలను ఒక్కొక్కటే మళ్లీ పైకెక్కించసాగాడు. పాత తారీఖువి ముందుకి, కొత్త తారీఖువి వెనక్కి. గడువు దగ్గరపడ్డ సరుకు కొనేవాళ్ల చేతికి ముందు తగలాలి, నిన్న దిగిన సరుకు గోడవైపు నక్కి ఉండాలి. ఈ దుకాణంలో ఇరవై రెండేళ్లుగా అతను చేస్తున్నది ఇదే. గడుసువాళ్లు మోచేతిదాకా చెయ్యి లోపలికి దూర్చి వెనకది లాక్కుపోతారు. వాళ్లను చూస్తే మేనేజరుకి ఒళ్లు మండుతుంది గానీ, బాబాయికి మాత్రం లోలోపల ముచ్చటేస్తుంది.

ఏడో వరస అంటే పొద్దున్నే పాలల్లో వేసుకు తినేవీ, తీరిక లేనివాళ్లు దారిలో కొరుక్కు తినేవీ ఉండే వరస. ఎడమ పక్క కార్న్‌ఫ్లేక్స్, ఓట్స్, మ్యూస్లీ డబ్బాలు. కుడి పక్క స్నాక్ బార్లు. ఆ రెండిటి మధ్య సందులో అటూ ఇటూ తిరిగీ తిరిగీ అతనికి అట్టపెట్టెల బాబాయి అని పేరొచ్చింది. వయసు యాభై ఎనిమిది. సన్నగా, పొడుగ్గా, భుజాలు కాస్త ముందుకి వంగి ఉంటాడు. మెడలో దారానికి వేలాడే కళ్లద్దాలు, ఏప్రన్ జేబులో చిన్న భూతద్దం. అట్ట రాసుకుని రాసుకుని వేళ్ల మీది గీతలన్నీ అరిగిపోయాయి. పొద్దున్నే హాజరు యంత్రం మీద వేలు పెడితే ఎర్రదీపం వెలిగి, మళ్లీ ప్రయత్నించమంటుంది. ఇన్నేళ్లుగా రోజూ వచ్చే మనిషిని పోల్చుకోలేని ఆ యంత్రంతో వేగలేక, మేనేజరు అతనొక్కడికీ సంతకాల పుస్తకం పెట్టాడు.

భూతద్దం ఆరేళ్ల కిందట కొన్నది. అక్కకి షుగరు జబ్బని డాక్టరు చెప్పిన సాయంత్రమే కొన్నాడు. అంతవరకూ అతను డబ్బాల మీద తారీఖు తప్ప ఇంకేమీ చదివేవాడు కాదు. ఆ మర్నాటి నుంచి, డబ్బా వెనక చీమతలకాయలంత అక్షరాల్లో ఏం రాశారో ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టాడు. మొదటి మూడు పేర్లలో చక్కెర ఉంటే ఆ డబ్బా పక్కకే. చక్కెర ఊరికే చక్కెరలా రాదని కూడా తెలుసుకున్నాడు. ఒక చోట సిరప్ అంటుంది, ఒక చోట మాల్టోడెక్స్‌ట్రిన్ అంటుంది, ఇంకోచోట పళ్లరసం అని నంగనాచి వేషం వేస్తుంది. ఆ వేషాలన్నీ అతనికి కంఠతా వచ్చేశాయి. పేపరు చదవడానికి బద్ధకించే మనిషి, డబ్బాలు చదివి చదివి ఆ వరసకి పెద్ద పండితుడైపోయాడు.

దాంతో కొనేవాళ్లు అతన్ని వెతుక్కుంటూ రావడం మొదలైంది. అందరిదీ ఒకటే మాట. రుచిగానూ ఉండాలి, ఒంటికి మంచిదీ అవ్వాలి. బాబాయి విసుక్కోడు. ఎవరు తింటారు, ఏ వేళ తింటారు, నమలగలరా లేదా అని అడిగి, భూతద్దం తీసి రెండు డబ్బాలు పక్కపక్కన పెట్టి చూపిస్తాడు. పీచు ఎక్కువున్నదీ, చక్కెర తక్కువున్నదీ ఒకటి ఇచ్చి, కాస్త నోటికి ఇంపుగా ఉండేది ఇంకోటి ఇచ్చి, రెండూ కలుపుకోమంటాడు. మూడో అరలో ఖర్జూరమూ బాదంపప్పూ కలిపి చేసిన బారు ఒకటుంది. అది రుచికి రుచి, బలానికి బలం అని ఎన్ని వందలమందికి చెప్పాడో లెక్కలేదు. తీసుకెళ్లినవాళ్లు మళ్లీ వచ్చి, "మీరు చెప్పింది మా ఇంట్లో అందరికీ తెగ నచ్చింది బాబాయ్" అంటే, ఆ పూటంతా అతని నడక మారిపోయేది.

ఈ పొద్దున మాత్రం అతని చేతులు పనిచేస్తున్నాయి గానీ మనసు ఇంటి దగ్గరే ఉంది.

నిన్న మధ్యాహ్నం అక్కని ఆసుపత్రికి తీసుకెళ్లాడు. డాక్టరు కాగితాలన్నీ చూసి, అక్కని బయట బల్ల మీద కూర్చోబెట్టించి, బాబాయిని లోపల ఉండమన్నాడు. గుండె బాగా నీరసించిపోయిందనీ, మందుల వల్ల ఇక ఒరిగేదేమీ లేదనీ, వారమో పది రోజులో అనీ మెల్లగా చెప్పాడు. "ఇంక పథ్యాలేం వద్దండీ. ఆవిడకి ఏది తినాలనిపిస్తే అది పెట్టండి" అన్నాడు. బాబాయి కాగితాలు తీసుకుని లేచాడు. బయటికొచ్చేసరికి అక్క బల్ల మీద కాళ్లు ఊపుకుంటూ కూర్చుని ఉంది. కాళ్లు బాగా వాచాయి. చెప్పులు పట్టక, వాటిని ఒళ్లో పెట్టుకుంది.

"పథ్యం ఎత్తేశాడా?" అంది.

ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. అరవై ఆరేళ్లు బతికింది. తోటివాళ్లని ముగ్గురు నలుగురిని సాగనంపింది. డాక్టరు ఎప్పుడు ఏమంటాడో తెలుసు. బాబాయి తలూపాడు. ఆటోలో వస్తుంటే అక్క బయటికి చూస్తూ ఉన్నట్టుండి అంది.

"రేపు వచ్చేటప్పుడు నాకేదైనా తియ్యటిది పట్రారా. బాగా తియ్యగా ఉండాలి."

"నీకు తీపి గిట్టదుగా అక్కా?"

"ఎవడు చెప్పాడు?"

"నువ్వే చెప్పావు. చిన్నప్పట్నుంచీ చెబుతున్నావుగా."

"నేను చెబితే మాత్రం? నమ్మేయడమేనా?" అని అక్క నవ్వింది. నవ్వితే ఆయాసం వచ్చింది. ఆయాసం తగ్గాక మళ్లీ నవ్వింది.

ఆ నవ్వు అప్పట్నుంచీ బాబాయి చెవుల్లోంచి పోవడం లేదు. ఈ పొద్దున సెలవు పెడతానంటే అక్క ఒప్పుకోలేదు. "నువ్విక్కడ కూర్చుని నా మొహమే చూస్తుంటే నాకు ఊపిరాడదు. పని చూసుకుని రా. పక్కింటి టైలరమ్మ ఉందిగా" అని తరిమింది. సరే, ఈ ఒక్కరోజూ వెళ్లి, రేపటి నుంచి సెలవు అడిగి వద్దామని వచ్చాడు. వచ్చిన అసలు పని సెలవు కూడా కాదు. అక్కకి ఏం తీసుకెళ్లాలో తేల్చుకోవడం. ప్రపంచంలో ఎవరు ఏం తినాలో చెప్పగలిగిన మనిషికి, తన సొంత అక్కకి ఏది ఇష్టమో తెలియదు. అరవై ఆరేళ్ల మనిషి మొట్టమొదటిసారి నోరు తెరిచి ఒకటి అడిగింది. అది తప్పు కాకూడదు. మళ్లీ దిద్దుకోవడానికి రోజులు లేవు.

తొమ్మిదింటికి మేనేజరు చేతిలో కాగితం పట్టుకుని వచ్చాడు. బాబాయి కన్నా పాతికేళ్లు చిన్నవాడు, ఎప్పుడూ ఎవరో తరుముతున్నట్టుంటాడు.

"బాబాయ్, పై ఆఫీసు నుంచి కొత్త అమరిక వచ్చింది. అట్ట మీద బొమ్మలున్న డబ్బాలన్నీ కింది నుంచి రెండో అరలోకి రావాలట. పిల్లల కళ్లకి ఎదురుగా ఉండాలట."

"ఓట్స్ ఎక్కడికి పోతాయి?"

"పైకి."

"పైన పెడితే ముసలివాళ్లకి అందవు బాబూ."

"అడిగితే మీరు అందిస్తారుగా" అని మేనేజరు నవ్వి, బాబాయి మొహం చూసి నవ్వు ఆపేశాడు. బాబాయి రెండు ముక్కల్లో సంగతి చెప్పాడు. మేనేజరు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఇప్పుడే వెళ్లిపోండి బాబాయ్. రేపటి నుంచి కూడా ఎన్నాళ్లయినా సరే."

"లేదులే. ఇప్పుడు వెళ్తే అక్క తిడుతుంది. మూడింటికి వెళ్తాను" అన్నాడు బాబాయి. పైగా ఇంకా ఏదీ తేల్చుకోలేదు.

పదకొండు ప్రాంతాల ఒకావిడ కూతుర్ని వెంటబెట్టుకొచ్చింది. పాపకి ఏడేళ్లుంటాయి. కొత్తగా కిందికొచ్చిన ఎలుగుబంటి బొమ్మ డబ్బాని చూడగానే చేతుల్లోకి తీసుకుని కావలించుకుంది. తల్లి లాక్కోబోయింది. పాప డబ్బాతో సహా నేలమీద చతికిలబడింది.

"మీరే చెప్పండి బాబాయ్. ఇదంతా చక్కెరేగా? దీనికేమో ఇదే కావాలి, నాకేమో ఒంటికి పట్టేది కావాలి. రోజూ పొద్దున్నే మా ఇంట్లో యుద్ధమే."

బాబాయి నెమ్మదిగా కింద కూర్చుని, భూతద్దం పాప చేతికిచ్చి, ఎలుగుబంటి మూతి చూడమన్నాడు. ఈలోగా పై అరలోంచి ఉత్త ఓట్స్ డబ్బా ఒకటి తీసి తల్లికిచ్చాడు. "నాలుగు వంతులు ఇది, ఒక వంతు అది. ఎలుగుబంటి పైన కనబడాలి, ఓట్స్ కింద దాక్కోవాలి. ఒక అరటిపండు ముక్కలు కోసి వెయ్యండి. నెల తిరిగేసరికి డబ్బాలో ఎలుగుబంటి ఉందో లేదో కూడా చూసుకోదు" అన్నాడు. తల్లి మొహం విప్పారింది. పాప భూతద్దం లోంచి అతన్నే చూస్తోంది. ఒక కన్ను మాత్రం గిన్నెంత పెద్దదిగా కనిపిస్తోంది.

"తాతా, నీకేది ఇష్టం?"

"నాకా?"

"ఇన్ని ఉన్నాయిగా నీ దగ్గర. ఏది బాగుంటుంది?"

అతను వీటిలో ఏదీ తినలేదు. ఇరవై రెండేళ్లలో ఒక్కటి కూడా నోట్లో వేసుకోలేదు. ఇంటినుంచి తెచ్చుకున్న అన్నం తినడం, పని చేసుకోవడం. ఏ డబ్బాలో చక్కెర ఎంతో, పీచు ఎంతో, ఉప్పు ఎంతో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. నోట్లో పెట్టుకుంటే ఎలా ఉంటుందో మాత్రం తెలియదు. రుచిగా ఉంటుందని ఇన్నాళ్లూ చెప్పిందంతా, తిన్నవాళ్లు చెప్పగా విన్నదే.

"తాతకి పళ్లు లేవమ్మా" అని చెప్పి తప్పించుకున్నాడు. పళ్లు ముప్పై ఉన్నాయి.

మధ్యాహ్నం భోజనాల వేళ అతను ఆరు రకాల బార్లు తీసుకుని, బిల్లు వేయించుకుని, సరుకుల గదిలోకి వెళ్లాడు. అక్కడ బిల్లు కౌంటరు అమ్మాయి బోర్లించిన ప్లాస్టిక్ బుట్ట మీద కూర్చుని అన్నం తింటోంది. ఇద్దరు పిల్లల తల్లి. నోటికి మూత లేదు గానీ మనసు మంచిది. బాబాయి ఇంకో బుట్ట మీద బార్లన్నీ వరసగా పేర్చడం చూసి చెయ్యి ఆపేసింది.

"ఏంటి బాబాయ్, కొత్త దుకాణం పెడుతున్నారా?"

"తిని చూద్దామని."

"మీరా!" అని పొలమారినంత పనిచేసింది. అతను నవ్వకపోయేసరికి నీళ్లు తాగి, ఏమైందని అడిగింది. బాబాయి చెప్పాడు. ఆ అమ్మాయి డబ్బా మూత పెట్టేసి, చెయ్యి కడుక్కుని వచ్చి, అతని ఎదురుగా కూర్చుంది.

మొదటిది తేనె, వేరుశనగపప్పు. పళ్లకి అంటుకుంది. రెండోది పుల్లటి ఎండుపళ్లది. బాగానే ఉంది గానీ అక్క అడిగిన తీపి అది కాదు. మూడోది తాను అందరికీ చెప్పే ఖర్జూరం, బాదంపప్పు బారు. మెత్తగా, కమ్మగా, నమిలేకొద్దీ తీపి ఊరుతూ ఉంది. బాబాయి దాన్ని నోట్లో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. నాలుగోదీ ఐదోదీ చాక్లెట్టు పూసినవి. ఐదోదాని లోపల, మాడీ మాడకుండా కాచిన చక్కెర పాకం తీగలా సాగింది.

"ఇంత బాగుంటాయా ఇవి?" అన్నాడు.

అమ్మాయి నవ్వింది. "రోజూ మీ చేతుల మీదుగానే పోతున్నాయిగా బాబాయ్."

ఆరోది మిగిలింది. బూడిదరంగు కాగితం, దాని మీద ఒక గింజల కంకి బొమ్మ. చక్కెర సున్నా. ఆరేళ్లుగా అక్కకి రోజూ పొద్దున అతను పెట్టేది ఇదే. పనికి బయల్దేరే ముందు బారు విప్పి, పళ్లెంలో పెట్టి, పక్కన వెన్న తీసిన పాలు గ్లాసెడు పెట్టేవాడు. అక్క అతని ఎదురుగానే తినేది. ఎలా ఉందక్కా అంటే, "బాగుందిరా" అనేది. బాబాయి ఆ కాగితం విప్పి ఒక ముక్క కొరికాడు.

నమిలాడు. ఇంకా నమిలాడు. అది నోట్లో పొడిపొడిగా విడిపోయి, అంగిట్లో రంపపు పొట్టులా పేరుకుంది. చివర్న చేదు తగిలింది. మింగుడు పడక నీళ్లు తాగాడు. రెండోసారి కొరకడానికి మనసొప్పలేదు.

ఆరేళ్లు. రోజుకొకటి. ఒక్కరోజు కూడా మిగల్చలేదు, ఒక్కరోజు కూడా మొహం ముడుచుకోలేదు. తమ్ముడు అంత కష్టపడి, కళ్లు పొడుచుకుని చదివి తెచ్చాడు గదా అని తినేసింది. మూడో అరలో ఖర్జూరం బారు ఉండనే ఉంది. రోజూ కాకపోయినా, డాక్టర్ని అడిగి, ఎప్పుడో ఒకసారి సగం ముక్క పెట్టి ఉండొచ్చు. అందులో ఒకటిన్నర చెంచాల చక్కెర ఉందని తన అక్కకి మాత్రం ఒక్కసారి కూడా తీసుకెళ్లలేదు. ఊళ్లోవాళ్లందరికీ రుచీ బలమూ కలిపి ఇచ్చినవాడు, ఇంట్లో మనిషి దగ్గరికొచ్చేసరికి చిన్న అక్షరాలు చూశాడు గానీ ఆవిడ మొహం చూడలేదు. బాబాయి కళ్లద్దాలు తీసి ఏప్రన్ అంచుతో తుడుస్తూ కూర్చున్నాడు.

"మీరలా కనిపెట్టుకుని ఉండబట్టే ఆవిడ ఇన్నాళ్లున్నారు బాబాయ్. డాక్టరు కూడా అదే అని ఉంటాడు" అంది అమ్మాయి.

"అన్నాడు. నిజమే. కానీ ఒక్కరోజైనా నేనో ముక్క కొరికి చూడొద్దూ?"

ఆ అమ్మాయి చింపిన కాగితాలన్నీ ఏరి చెత్తబుట్టలో వేసింది.

మధ్యాహ్నమంతా బాబాయి బొమ్మల డబ్బాలు కిందికి సర్దుతూ అక్క గురించే ఆలోచించాడు. అమ్మ పోయేటప్పటికి అక్కకి పద్నాలుగు, తనకి ఆరు. నాన్న అంతకు ముందే లేడు. అక్క లాండ్రీలో ఇస్త్రీ పనికి కుదిరింది. ముప్పై ఏళ్లు అక్కడే నిలబడింది. ముంజేతుల నిండా కాలిన మచ్చలు, కొన్ని పాతవి, కొన్ని కొత్తవి. ఆదివారం పూట పని నుంచి వస్తూ మాడిన చక్కెరతో చేసిన టాఫీ ఒకటి తెచ్చేది. ఒక్కటే. నీకో అంటే, "నాకు తీపి గిట్టదు, పళ్లు జివ్వుమంటాయి" అని కిటికీ వైపు తిరిగి కూర్చునేది. తీపి వాసన కూడా పడదేమో అనుకునేవాడు. ఒకసారి అక్కకి సంబంధం వచ్చింది. తమ్ముడు కూడా నాతోనే వస్తాడంది. వాళ్లు మళ్లీ రాలేదు. తరవాత తనకి సంబంధాలు వచ్చాయి. అక్క పెళ్లి కాకుండా నేనెలా చేసుకుంటానన్నాడు. ఒకరి కోసం ఒకరు ఆగి, ఇద్దరూ ఆగిపోయారు. రెండు గదుల్లో, రెండు మంచాల మీద, పెద్ద గొడవల్లేకుండా యాభై ఏళ్లు గడిచిపోయాయి.

ఎలుగుబంటి డబ్బా ఒకటి చేతిలో పట్టుకుని బాబాయి ఆగిపోయాడు. ఏడో వరసలో ఇన్నేళ్లూ నిలబడి అతను చూసిందొకటుంది. భార్యకని కొనే భర్త, మనవడికని కొనే తాత, ఎవరైనా సరే, అడక్కుండా ఎదుటివాళ్ల కోసం కొనేటప్పుడు తమకి నోరూరేదే కొంటారు. కొని, అది వాళ్లకి ఇష్టం అని చెప్తారు. మరి అక్క ప్రతి ఆదివారం ఆ టాఫీయే ఎందుకు తెచ్చేది? తాను ఎప్పుడూ ఫలానాది కావాలని అడగలేదు. లాండ్రీ పక్క కొట్లో అన్ని రకాలుండేవి. ఎప్పుడూ అదే తెచ్చింది.

అంతే. ఇక వెతుక్కోవలసింది లేదు. ఐదో బారు. ఆ టాఫీలాగే మాడిన చక్కెర పాకం సాగినది.

మూడింటికి ఏప్రన్ విప్పి, కుడి పక్క అర ముందు నిలబడ్డాడు. చెయ్యి దానంతటదే మోచేతిదాకా లోపలికి వెళ్లి, వెనకాల ఉన్నది పట్టుకొచ్చింది. తారీఖు చూశాడు. ఏడాది పైన ఇంకో రెండు నెలల గడువు ఉంది. దాన్ని పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు. పక్కనుంచి ఎవరో బండి తోసుకుంటూ, కాస్త తప్పుకోమన్నారు. తప్పుకున్నాడు. బారుని మళ్లీ దాని చోట పెట్టేసి, అందరికన్నా ముందున్నది తీశాడు. దానికి ఇంకా పంతొమ్మిది రోజుల గడువుంది. చాలు అనుకున్నాడు, అలా అనుకున్నందుకు తనని తానే తిట్టుకున్నాడు.

ఇల్లు దుకాణానికి పది నిమిషాల నడక. తలుపు తీసే ఉంది. టైలరమ్మ గుమ్మం పక్కన కూర్చుని ఎవరిదో చొక్కాకి గుండీలు కుడుతోంది. బాబాయిని చూసి లేచింది.

"మధ్యాహ్నం రెండు ముద్దలు కూడా తినలేదన్నయ్యగారూ. తమ్ముడు ఏదో తెస్తాడు, కడుపులో చోటుంచుకుంటానని ఒకటే మాట" అని చెప్పి తన ఇంట్లోకి వెళ్లింది.

అక్క రెండు దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉంది. మొహం పాలిపోయింది గానీ జుట్టు దువ్వించుకుంది. అతని చేతి వైపే చూసింది. బాబాయి కాగితం చింపి ఇవ్వబోతే, "ఇటివ్వు, నేను చింపుకుంటా" అని లాక్కుంది. వేళ్లు వాచి ఉండడంతో కాసేపు పట్టింది. బాబాయి సాయం చెయ్యకుండా ఉండడానికి చేతులు కట్టుకున్నాడు. అక్క ఒక కొస కొరికి, కళ్లు మూసుకుంది. పాకం తీగ సాగి గడ్డానికి అంటుకుంటే వేలితో తీసుకుని నాక్కుంది. రెండోసారి కొరికింది. మూడోసారి కొరికింది. నీకో అని అనలేదు. నువ్వు తిన్నావా అని అడగలేదు. యాభై ఏళ్లలో అక్క అతన్ని అడక్కుండా ఏదైనా తినడం అదే మొదలు. బాబాయి మంచం కోడు పట్టుకుని నేలమీద కూర్చుని, ఆవిడ తింటుంటే ఆ నోటి వైపే చూస్తూ ఉండిపోయాడు.

ఆఖరి ముక్క మింగి, "బాగుందిరా" అంది.

బాబాయి ఆరేళ్లూ విన్న మాటే. గొంతు కూడా అదే.

"నిజం చెప్పక్కా. నిన్నటిదాకా నేను పెట్టిందాన్ని కూడా బాగుందనే అన్నావు. ఇవాళ నేనది తిని చూశాను."

"తిన్నావా?" అక్క కళ్లు తెరిచి చూసింది. పెదవుల కొసన నవ్వు కదిలింది. "ఎలా ఉంది?"

"గడ్డిలా ఉంది."

"గడ్డి నయం" అంది అక్క. బాబాయి నవ్వబోయి ఏడ్చేశాడు. మంచం పట్టీ మీద తల ఆనించి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. అక్క కాలిన మచ్చల చెయ్యి అతని నెత్తి మీద పెట్టింది. "ఊరుకో. నువ్వు తెచ్చావని తిన్నాను. ఎవరు పెడతారురా నాకు అలా రోజూ?" అంది. గొంతు తగ్గించి అడిగింది. "ఇంకోటుందా?"

లేదు. ఒక్కటే తెచ్చాడు. రోజుకొకటి, అంతకు మించకూడదు అని ఆరేళ్లుగా చేతికి పట్టిన లెక్క, ఇవాళ కూడా ఒక్కదాన్నే తీసింది. పథ్యం లేదని బుర్రకి తెలుసు, చేతికి తెలియలేదు. బాబాయి తల బాదుకుని లేచాడు.

"ఇప్పుడే తెస్తా. డబ్బాడు తెస్తా. పావుగంట."

"తొందరేం లేదు. మెల్లగా వెళ్లు" అంది అక్క. కాగితం ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది. కొసల్లో పాకమూ, చాక్లెట్టు పొడీ అంటుకుని ఉన్నాయి.

టైలరమ్మకి ఒక కేక వేసి, బాబాయి పరుగులాంటి నడకతో వెళ్లాడు. నిజంగా నచ్చే అడిగిందా, లేక తన ఏడుపు ఆపడానికి అడిగిందా అని దారంతా అదే ఆలోచన. అక్కని నమ్మడానికి లేదు. యాభై ఏళ్లు అబద్ధం ఆడి ఎక్కడా దొరకలేదు. ఏడో వరసలో తారీఖు చూడలేదు, ముందూ వెనకా చూడలేదు, డబ్బా మొత్తం ఎత్తుకున్నాడు. కౌంటరు అమ్మాయి వరసలో ఉన్నవాళ్లని ఆగమని అతనికి ముందు బిల్లు వేసింది. "నచ్చిందా బాబాయ్?" అంది. "ఇంకోటి అడిగింది" అన్నాడు బాబాయి. ఆ మాట పైకి చెప్పేటప్పుడు అతని మొహంలో ఎన్నడూ లేని వెలుగు కనిపించిందని ఆ అమ్మాయి తరవాత అందరికీ చెప్పింది.

ఇంటికొచ్చేసరికి టైలరమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో కుట్టుపని లేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నిద్రపట్టిందనుకున్నానన్నయ్యగారూ. నేను ఇక్కడే ఉన్నాను. చప్పుడైనా కాలేదు."

బాబాయి లోపలికి వెళ్లాడు. అక్క తల ఒక పక్కకి ఒరిగి ఉంది. పిలిచాడు. మళ్లీ పిలిచాడు. డబ్బాని కింద పెట్టాలని కూడా తోచక, దాన్ని చంకలో పెట్టుకునే మంచం పక్కన కూర్చున్నాడు. వెనకనుంచి టైలరమ్మ ఏదో అంటోంది, ఎవరికో కబురు చెయ్యాలంటోంది. అతనికి వినపడలేదు.

అక్క కుడి చెయ్యి దుప్పటి మీద వెల్లకిలా తెరుచుకుని ఉంది. అందులో బారు కాగితం ఉంది. దాన్ని నిలువునా పూర్తిగా చింపి విప్పదీసి ఉంది. వెండిరంగు లోపలి వైపు పైకి ఉంది. కొసలు, మడతలు, అతుకు వేసిన అంచు కూడా తడితడిగా మెరుస్తున్నాయి. ఎక్కడా ఒక్క నలుసు మిగల్లేదు.